ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే: నా అనుభవం

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వస్తుంటే డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది. "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించు" అన్నాడు పక్కనున్న మా బావ. చాలామంది అనేదీ అదే. కానీ ఇంజిన్ నడుస్తుండగా ఆ లైటు వెలిగిందంటే ఆగిపోయింది చార్జింగ్. తేడా ఆల్టర్నేటర్‌లో (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే భాగం), దాన్ని తిప్పే బెల్టులో లేదా వైర్లలో ఉండొచ్చు.

ముందు టెంపరేచర్ ముల్లు చూశాను. కొన్ని బండ్లలో ఇంజిన్‌ను చల్లబరిచే వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే. తెగితే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ముల్లు మధ్యలోనే ఉంది. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి బానెట్ లేపితే, బెల్టు తెగలేదు గానీ బాగా వదులై, అంచులు పీలికలు లేచి ఉన్నాయి. బ్యాటరీ తొందరగా అయిపోకుండా ఏసీ, పాటలు బంద్ చేసి, ముల్లు మీద ఒక కన్నేసి మెల్లగా పోయాం.

నల్లగొండలో మెకానిక్ బ్యాటరీకి మీటరు పెడితే, ఇంజిన్ ఆన్‌లో ఉన్నా 12 వోల్టులే. మామూలుగా 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. కొత్త బెల్టు వేసి బిగించాక 14 దాటింది, లైటు ఆరింది. బ్యాటరీ పాతదే. బావ మాత్రం ఇప్పటికీ నమ్మడు.

అదే ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తయితే మెల్లగా కూడా పోవద్దు. పక్కకు ఆపి వెంటనే ఇంజిన్ కట్టేయాలి.