మీటరు మీద ఎర్ర లైటు లెక్కపెట్టి కరెంటు ఆదా చేయడం

కరెంటు ఎక్కడ పోతోందో తెలియకుండా బల్బులు ఆర్పుతూ తిరిగితే శ్రమే తప్ప బిల్లు పెద్దగా తగ్గదు. ముందు మీటరు చూడండి. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు వెలుగుతుందో అక్కడే అంకె రాసి ఉంటుంది. మీ మీటరు మీద 3200 ఉందనుకుందాం.

ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై ప్లగ్గులు తీసి ఐదు నిమిషాలు గమనించండి. అప్పుడు కూడా లైటు కొట్టుకుంటుంటే ఎక్కడో మరిచిపోయిన వస్తువైనా ఉండాలి, వైరింగ్‌లో లీకేజీ అయినా ఉండాలి, లేదంటే మీ మీటరు నుంచి ఇంకో లైను పోతూ ఉండాలి. ఎంసీబీలు, అంటే మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్‌లు, ఒక్కొక్కటే దించండి. ఏది దించితే లైటు ఆగుతుందో ఆ లైను ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. లీకేజీ అయితే ప్రాణాలకే ముప్పు, వాయిదా వేయకండి.

తర్వాత ఒక్కో వస్తువే వేసి నిమిషం పాటు లెక్కపెట్టండి. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు, గంటకు 60 నిమిషాలు, వెయ్యిని 60తో గుణిస్తే 60,000. దాన్ని మీటరు మీది 3200తో భాగిస్తే 18.75. లైటు వెలిగిన సార్లను దాంతో గుణిస్తే వాట్లు వస్తాయి. నాలుగుసార్లు వెలిగితే 75 వాట్లు, అంటే మామూలు పాత ఫ్యాను. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లదైతే 14 కూడా కావు. అందుకే మార్చాలనుకుంటే ఎక్కువసేపు తిరిగే ఫ్యానుతోనే మొదలుపెట్టండి. బీఎల్‌డీసీ బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్ తప్పక తీయించాలి, లేదంటే లోపలి బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది.

సెట్‌టాప్ బాక్సులాంటి చిన్నవాటికి ఐదు నిమిషాలు లెక్కపెట్టి ఐదుతో భాగించండి. రిమోట్‌తో ఆపినా పది వాట్లు లాగే బాక్సు నెలకు ఏడు యూనిట్లు తింటుంది. గోడ స్విచ్ ఆపితే చాలు. ఫ్రిజ్, ఏసీలకు మాత్రం ఈ నిమిషం లెక్క పనికిరాదు, వాటి కంప్రెసర్ ఒకే తీరుగా నడవదు.

గీజరు 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.6 యూనిట్ తీసుకుంటుంది, 45కైతే 0.35 చాలు. 60లో కాచి చన్నీళ్లు కలుపుకోవడం కన్నా 45, 50 మధ్య పెట్టుకోవడం మేలు. బోరు నీళ్లయితే వేడి పెరిగేకొద్దీ ఎలిమెంటుకు ఉప్పు పొర కూడా తొందరగా పడుతుంది. రెండు వేల వాట్ల గీజరుకు ఇరవై నిమిషాలు సరిపోతాయి, గంట ముందు వేయకండి.

ఫ్రిజ్ తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. ఫ్రిజ్ వెనక జానెడు ఖాళీ వదలండి.

ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి, పెంచే ఒక్కో డిగ్రీకి దాదాపు ఆరు శాతం ఆదా. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగాలి.

తెలంగాణలో గృహజ్యోతి (200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) వర్తించే ఇళ్లవాళ్లు నెలకు 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. రీడింగ్ తీసిన రోజున మీటరు ఫోటో తీసి పెట్టుకుని వారానికోసారి చూసుకోండి. వారానికి 46 యూనిట్లు దాటుతుంటే మిగిలిన వారాల్లో ముందుగా ఏసీ, గీజరు వాడకం తగ్గించండి.