ఏటి ఒడ్డు రైతును నిలుపుకుంటూ ఏటిని బాగుచేసుకొనే విధానం

గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు వంటి మన ప్రకాశం, నెల్లూరు ప్రాంతపు ఏర్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు పైకి నీరు కనిపించదు. ఉన్న నీరంతా ఇసుక కింద దాగి ఉంటుంది. ఆ దాగిన నీటిని నమ్ముకొనే ఒడ్డున ఫిల్టరు పాయింట్లు (ఇసుక పొరల్లో దించిన తక్కువ లోతు బోర్లు) నడుస్తాయి, ఊట కాలువలు పారుతాయి, వేసవిలో గొర్రెల మందలు దాహం తీర్చుకుంటాయి. అందువల్ల ఏటిని బాగుచేయాలని గ్రామం పూనుకున్నప్పుడు మొట్టమొదట చేయవలసిన పని, ఆ ఏటి మీద ఎవరెవరు బతుకుతున్నారో పేరుపేరునా రాసుకోవడం. పొక్లెయిన్ సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

ఈ జాబితాకు అడంగల్ (ఏ భూమిలో ఎవరు ఏ పంట వేశారో చూపే రెవెన్యూ రికార్డు) ఒక్కటే చాలదు. ఏటి పోరంబోకులో పదేళ్లుగా జొన్న, కూరగాయలు పండించుకొనే కుటుంబం పేరు అందులో ఉండకపోవచ్చు. కౌలు రైతు పేరు ఉండకపోవచ్చు. మడుగుల్లో చేపలు పట్టుకొనే యానాది కుటుంబాల ఊసైతే ఏ భూమి కాగితంలోనూ కనిపించదు. ఫిబ్రవరిలో, పంట కంటికి కనిపిస్తున్నప్పుడు, వీఆర్వోను, సర్వేయరును, నీటి సంఘం సభ్యులను వెంటబెట్టుకొని ఒడ్డు వెంట నడవాలి. ఎవరు, ఎంత విస్తీర్ణంలో, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎన్ని హార్సుపవర్ల మోటారుతో ఏటిని వాడుకుంటున్నారో రాసి, గ్రామసభలో అందరి ముందు చదివి వినిపించాలి. పట్టా భూముల కౌలుదారులకు 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం రాయించి, సాగుదారు కార్డు ఇప్పించే పని కూడా ఈ నడకతోనే మొదలుపెట్టాలి. భూమి మీద యజమాని హక్కుకు ఆ కార్డు వల్ల ఏ భంగమూ ఉండదని ముందే విడమరచి చెబితే సంతకానికి వెనుకాడేవారు తగ్గుతారు.

ఆక్రమణల తొలగింపు విషయంలో తొందర పనికిరాదు. ఒక్క రోజులో గట్టంతా ఖాళీ చేయించిన చోట రెండో ఏడు మళ్లీ నాగళ్లు దిగుతాయని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ కుటుంబాలకు వేరే దారి ఎవరూ చూపించలేదు. మన దగ్గర రబీ వరి నవంబరు, డిసెంబరుల్లో నాటితే మార్చి, ఏప్రిల్‌లలో కోతకు వస్తుంది. కాబట్టి నోటీసు సెప్టెంబరులో, నారుమళ్లు పోయకముందే, చేతికి అందాలి. నిలిచిన పైరు మీదికి యంత్రం వెళ్లకూడదు. మొదటి ఏడాది నీరు పారే పాయ వరకే సాగు ఆపించి, రెండో ఏడాది నుంచి ఒడ్డు వెంట పది గజాల మేర దున్నకం మాన్పించి పశుగ్రాసం వేయించవచ్చు. ఆ గడ్డి కోసుకొనే హక్కును అంతకుముందు అక్కడ సాగు చేసిన కుటుంబానికే పంచాయతీ తీర్మానం ద్వారా రాసివ్వాలి. ఒంగోలు జాతి పశువులకు పేరు తెచ్చిన నేలలో ఏటి ఒడ్డు మేతకు విలువ లేకపోదు. గేదెల పాడి ఉన్న ఇంటికి అది రోజువారీ రాబడి కూడా అవుతుంది.

ఏటి గట్ల మీద అల్లుకున్న చిల్లకంప (సర్కారు తుమ్మ) తీయడం అన్నిటికంటె శ్రమతో కూడిన పని. పైకి నరికితే మొదలు నుంచి మళ్లీ గుబురుగా చిగురిస్తుంది కనుక వేరు మొదలుతో సహా తవ్వి తీయాలి. మే, జూన్ నెలల్లో, కూలీలకు పొలం పనులు లేనప్పుడు, ఉపాధి పనుల కింద దీన్ని పెట్టించుకుంటే కూలి డబ్బు ఊరిలోనే ఉంటుంది. ఆ కంపతో బొగ్గు కాల్చుకొని బతికేవారికి కట్టెను ఉచితంగా ఇచ్చి, తవ్వే బాధ్యతను కూలికి వారికే అప్పగించడం న్యాయం. అయితే గట్టు మొత్తాన్ని ఒకే వేసవిలో బోడి చేయకూడదు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసుకుపోయింది. చెట్టు లేని మట్టి గట్టు అలాంటి నీటికి నిలవదు. ఏడాదికి కొంత భాగం చొప్పున తీసి, వెంటనే అక్కడ వట్టివేరు, కానుగ, తాటి పెట్టుకుంటూ పోవాలి. వట్టివేరు వేరుకు మంచి ధర పలుకుతుందని గట్టు మీద నాటినదాన్ని తవ్వి అమ్మితే మట్టి వదులై గట్టు జారుతుంది. గట్టు వరుస నుంచి ఆకు మాత్రమే కోసుకోవాలని, వేరు కోసమైతే పట్టా పొలంలో విడిగా వేసుకోవాలని ముందే కట్టుబాటు చేసుకోవాలి.

ఇసుక తోలకం విషయంలో కేంద్ర పర్యావరణ శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: మూడు మీటర్ల లోతు గానీ, నీరు తగిలే మట్టం గానీ, ఏది ముందు వస్తే అక్కడ ఆపాలి. ఊరివారు ఒక రాతి స్తంభం మీద గీతలు గీయించి, ప్రతి వేసవిలో ఇసుక మట్టం ఎక్కడికి దిగిందో తారీఖుతో రాసి ఉంచితే, ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు అదే ఆధారమవుతుంది.

వరి కయ్యల్లో నీటి పొదుపు గురించి ఎక్కువగా చెప్పవలసి ఉంది. ముప్ఫై సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టానికి కింది సగమంతా రంధ్రాలు పెట్టి, ఆ సగాన్ని కయ్యలో దించి, లోపలి మట్టిని తీసివేయాలి. గొట్టంలో నీరు నేల మట్టానికి పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగిన తరువాతే మళ్లీ ఐదు సెంటీమీటర్ల నీరు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత వరకు మాత్రం నీరు తగ్గనీయకూడదు. అయితే వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి ఇలా ఆదా చేసిన రైతు చేతికి నేరుగా డబ్బు రాదు. ఈ సంగతిని దాచి పొదుపు బోధించడం సరికాదు. సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘం, పై భాగపు రైతు వదిలిన నీటికి బదులుగా చివరి ఆయకట్టు రైతులు అతని పిల్ల కాలువ పూడిక తీసే పనికి వచ్చేలా ఒప్పందం కుదర్చాలి. పెన్న మీది సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలైనా అది నిండని ఏడాది ఎడగారు (రెండో పంట) పైరుకు నీరు దొరకదని పెన్న డెల్టా రైతుకు తెలుసు. ఏ పంటకు ఎంత నీరు వదలాలో తేల్చే సాగునీటి సలహా మండలి సమావేశానికి ముందే ఊరు తన పొదుపు లెక్క చేతిలో పట్టుకొని వెళితే ఆ మాటకు బలం ఉంటుంది.

చివరగా, ఒడ్డుకు దగ్గరలో ఒకటి, దూరంగా ఒకటి, రెండు బావులు ఎంచుకొని ప్రతి నెలా ఒకటో తారీఖున నీటి మట్టం కొలిచి బడి గోడ మీద రాయించాలి. రెండేళ్ల కొలతలు చేరిన తరువాత, మూడో ఏడాది సెప్టెంబరు గ్రామసభలో మొదటి జాబితాను తిరిగి చదివి, అందులో ఎవరి మోటారు ఆగిందో, ఎవరి కుటుంబం పని లేక ఊరు విడిచిందో చూసుకొని, గట్టు వెంట తరువాతి పది గజాల సంగతి నిర్ణయించాలి.