ఇంటెల్, ఏఎండీ: డబ్బు పెట్టినా స్పీడ్ రాకపోతే ఎక్కడ చూడాలి

"ఇంటెల్ తీసుకోమంటారా, ఏఎండీ తీసుకోమంటారా" అని కంప్యూటర్ ప్రాసెసర్ (చిప్) గురించి అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. రెండు కంపెనీల్లోనూ పెట్టిన డబ్బుకు న్యాయం చేసే చిప్‌లు ఉన్నాయి, డబ్బు దండగ చేసేవీ ఉన్నాయి. కొన్నాక "అనుకున్నంత స్పీడ్ లేదు" అని బాధపడేవాళ్ళలో చాలామందికి చిక్కు కంపెనీతో కాదు. మోడల్ నంబర్ దగ్గరో, ర్యామ్ దగ్గరో, బిల్లు లెక్క వేసుకున్న తీరులోనో ఉంటుంది. అందుకే ఇక్కడ కనిపించే లక్షణంతో మొదలుపెట్టి కారణం దాకా వెళ్దాం.

లక్షణం: ఐ7 ల్యాప్‌టాప్ కొన్నాను, తమ్ముడి ఐ5 కంటే ఏమీ ఫాస్ట్‌గా లేదు

షాపుల్లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఐ5, ఐ7, రైజెన్ 5, రైజెన్ 7 అనేవి కేవలం వర్గం పేర్లు. అసలు సంగతి వాటి తర్వాత వచ్చే అంకెల్లో, చివరి అక్షరంలో ఉంటుంది.

ఐ5-1335యూ, ఐ7-1355యూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ 2 పెద్ద కోర్లు (చిప్‌లో పనిచేసే యూనిట్లు), 8 చిన్న కోర్లు. క్యాష్ (చిప్ లోపలి వేగవంతమైన చిన్న మెమొరీ) రెండింటికీ 12 ఎంబీ. గరిష్ఠ వేగం ఒకదానికి 4.6 గిగాహెర్ట్జ్, రెండోదానికి 5 గిగాహెర్ట్జ్. పలచటి ల్యాప్‌టాప్‌లో వేడెక్కితే ఆ కాస్త తేడా కూడా నిలవదు. ఆ 7 అంకె కోసం ఎక్కువ డబ్బు ఇవ్వడం కంటే అదే డబ్బుతో ర్యామ్ పెంచుకోవడం ఎంతో మేలు.

కోర్ల సంఖ్య చూసి మోసపోవడం ఇంకో రకం. ఐ5-1235యూలో 10 కోర్లు, ఐ5-12450హెచ్‌లో 8 కోర్లు. అయినా ఎక్కువసేపు నడిచే పనుల్లో 12450హెచ్ ముందుంటుంది. దానిలో పెద్ద కోర్లు 4, మొదటిదానిలో 2 మాత్రమే. పైగా యూ రకానికి బేస్ పవర్ 15 వాట్లు, హెచ్ రకానికి 45 వాట్లు. దానికి బదులుగా బ్యాటరీ ఎక్కువసేపు నిలిచేది మాత్రం యూ రకంలోనే.

ఏఎండీ వైపు కూడా తక్కువ తికమక లేదు. రైజెన్ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లలో మూడో అంకె డిజైన్ ఎంత పాతదో చెబుతుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే తరం. అది 2019లో వచ్చిన డిజైన్. కోర్లు 4. రైజెన్ 5 7530యూ అయితే జెన్ 3, కోర్లు 6. రెండింటి మీదా అదే "రైజెన్ 5" స్టిక్కర్ ఉంటుంది, మధ్యలో ఒక్క అంకే తేడా. ఇంటెల్‌లో కూడా "అల్ట్రా" అన్న మాట లేని కోర్ 5 120యూ లాంటివి 13వ తరం డిజైన్‌కే పెట్టిన కొత్త పేరు.

పరిష్కారం: కొనే ముందు పూర్తి మోడల్ నంబర్ అడిగి రాసుకోండి. "ఐ5 లేటెస్ట్ సార్" అన్న జవాబు సరిపోదు. ఆ నంబర్‌ను కంపెనీ సొంత స్పెసిఫికేషన్ పేజీలో చూడండి. ఇప్పటికే కొనేసి ఉంటే చిప్ మార్చలేరు కానీ, ఛార్జర్ పెట్టి పవర్ మోడ్‌ను బెస్ట్ పర్ఫార్మెన్స్‌కు మార్చి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగాన్ని బాగా తగ్గించేస్తాయి.

లక్షణం: బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) స్కోర్ బాగానే ఉంది, వాడేటప్పుడు మాత్రం లాగుతోంది

గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఇలా ఉంటే ముందు ర్యామ్ చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమొరీ మీద నొక్కండి. కింద "స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2" అని కనిపిస్తే దొంగ దాదాపు దొరికినట్టే. ఒకే స్టిక్ ఉంటే ర్యామ్ సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది, డేటా వెళ్ళే దారి వెడల్పు సగమైపోతుంది. చిప్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకోవాలి. అందుకే గేమ్‌ల మీద దెబ్బ గట్టిగా పడుతుంది. సినీబెంచ్ లాంటి పరీక్ష ర్యామ్ వేగం మీద పెద్దగా ఆధారపడదు కాబట్టి స్కోర్‌లో ఈ లోపం బయటపడదు.

ఇద్దరు స్నేహితులు ఇంటెల్, ఏఎండీ అని వాదించుకుంటూ, ఒకరి మెషీన్‌లో 8+8 జీబీ ర్యామ్, ఇంకొకరి మెషీన్‌లో ఒకటే 16 జీబీ స్టిక్ పెట్టుకుని గేమ్‌లు పోల్చుకుంటే అది ప్రాసెసర్ల పోలికే కాదు. ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) లెక్కలు చూపించే ముందు ఎవరైనా సరే ర్యామ్ ఎలా పెట్టారో చెప్పాలి.

పరిష్కారం: ఖాళీ స్లాట్ ఉంటే అదే సైజు, అదే వేగం ఉన్న రెండో స్టిక్ వేయండి. డెస్క్‌టాప్ బోర్డులో (మదర్‌బోర్డు) నాలుగు స్లాట్లు ఉంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగ్స్) వెళ్ళి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. లేకపోతే వేగవంతమైన ర్యామ్ కొని కూడా మామూలు వేగంతోనే నడుపుకుంటారు. ఇంటెల్ హెచ్610 బోర్డుల్లో మాత్రం ర్యామ్‌ను అధికారిక వేగం దాటించలేరు, ఖరీదైన కిట్ వాటికి వద్దు. 7520యూ ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. అక్కడ 8 జీబీ మోడల్ కొంటే ఎప్పటికీ 8 జీబీయే.

లక్షణం: ఏఎండీ చిప్ చవకే, కానీ మొత్తం బిల్లు ఇంటెల్ కంటే ఎక్కువైంది

చిప్ ధరలు మాత్రమే పోలిస్తే ఇలాగే అవుతుంది. ఒక్కోసారి రివర్స్‌లో కూడా అవుతుంది. పోల్చాల్సింది ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కూలర్ నాలుగూ కలిపిన మొత్తం.

ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) డీడీఆర్5 రకం ర్యామ్ తప్ప వేరే దారి లేదు. ఇంటెల్ 12, 13, 14 తరాలు కూర్చునే ఎల్‌జీఏ1700లో డీడీఆర్4 బోర్డులూ దొరుకుతాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో ఈ తేడా బరువు ఇంకా పెరిగింది. ఇంట్లో పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని వాడుకునేలా ప్లాన్ చేయడం ఇప్పుడు నిజంగా లాభం.

ఇంకో వైపు చూస్తే, ఎల్‌జీఏ1700 దారి 14వ తరంతో ముగిసిపోయింది. తర్వాత వచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ చిప్‌లకు ఎల్‌జీఏ1851 సాకెట్ కావాలి. ఏఎం5కు 2027 వరకు, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ చెప్పింది. అంతకుముందు సాకెట్ ఏఎం4 విషయంలో ఆ కంపెనీ మాట నిలబెట్టుకుంది. 2017 నాటి బోర్డుల్లో చాలావాటిలో బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5000 పెట్టుకున్నవాళ్ళు ఎంతోమంది. మూడేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవాళ్ళు ఏఎం5కు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఒకసారి కొని పాడయ్యేదాకా వాడేవాళ్ళకు ఆ ఎక్కువ డబ్బు అనవసరం.

కూలర్ సంగతీ మరిచిపోవద్దు. రైజెన్ 5 7600 డబ్బాలో కూలర్ వస్తుంది, 7600ఎక్స్‌లో రాదు. ఇంటెల్‌లో చివర కె ఉన్నవాటికి రాదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొటేషన్ తీసుకుంటే ప్రతి లైన్‌లో పూర్తి మోడల్ నంబర్ రాయించుకోండి. "బీ650 బోర్డు" అని ఉంటే ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడగండి. ప్రాసెసర్ బాక్స్‌తో ఇస్తున్నారా, ట్రే పీసా (డబ్బా లేకుండా విడిగా అమ్మే చిప్) అన్నది కూడా రాయించాలి. బాక్స్ చిప్‌కు కంపెనీ వారంటీ మామూలుగా 3 ఏళ్ళు. ట్రే పీస్‌కు అమ్మినవాళ్ళే దిక్కు. వెయ్యి రెండు వేలు తగ్గుతుందని ట్రే తీసుకోవడం నేను ఎవరికీ చెప్పను.

లక్షణం: ప్రాసెసర్ మార్చినా గేమ్‌లో ఎఫ్‌పీఎస్ పెరగలేదు

గేమ్ నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం పైనే ఉంటే అడ్డంకి ఆ కార్డే. నిర్ధారించుకోవాలంటే రిజల్యూషన్ తగ్గించండి. ఎఫ్‌పీఎస్ ఎగిరిందంటే ప్రాసెసర్‌లో దమ్ము మిగిలే ఉంది. కదలకుండా ఉండిపోతే ఇప్పుడు ప్రాసెసర్ సంగతి ఆలోచించాలి.

రివ్యూల్లో 1080పీ రిజల్యూషన్‌లో, అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతో పరీక్షించేది ప్రాసెసర్ల మధ్య తేడా కనబడాలనే. మీ దగ్గర మధ్యతరగతి కార్డు ఉంటే ఆ గ్రాఫ్‌లో కనిపించిన దూరం మీ స్క్రీన్ మీద కనిపించదు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ గేమ్‌లకు గొప్ప చిప్‌లే. అయితే వాటి కోసం గ్రాఫిక్స్ కార్డు బడ్జెట్ కోసేస్తే లాభం పోతుంది.

లక్షణం: కొత్త సిస్టమ్, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది

ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే (ఐ5-12400ఎఫ్ లాంటివి) లోపల గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600లో కూడా ఉండదు, 5600జీలో ఉంటుంది. బోర్డుకు ఉన్న హెచ్‌డీఎంఐలో కేబుల్ పెడితే బొమ్మ రాదు, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొందామని 5600జీ తీసుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: దానిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. కార్డు వేశాక 5600 ముందుంటుంది.

ఏఎం5 బోర్డు అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. టెన్షన్ పడి మధ్యలో ఆఫ్ చేయకండి. పావుగంట దాటినా బొమ్మ రాకపోతే అప్పుడు ఒకే స్టిక్‌తో ప్రయత్నించండి.

లక్షణం: పెళ్ళి వీడియో ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది

బ్రాండ్ తేడా నిజంగా పనికొచ్చే చోటు ఇది. ఇప్పటి కెమెరాల్లో చాలామంది 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో షూట్ చేస్తున్నారు. 11వ తరం నుంచి ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్, క్విక్ సింక్ అనే వీడియో విభాగం ద్వారా ఈ ఫార్మాట్‌ను నేరుగా చదవగలదు. రైజెన్ డెస్క్‌టాప్ చిప్‌లలో ఉండే చిన్న గ్రాఫిక్స్ చదవలేదు. ఎన్విడియా కార్డుల్లో ఈ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చింది. అందుకే 16 కోర్ల రైజెన్ పెట్టుకున్న స్టూడియోలో కూడా రెండు క్లిప్‌లు ఒకదానిపై ఒకటి వేస్తే ప్లేబ్యాక్ తడబడుతుంది, పక్క షాపులో ఐ5తో అదే ఫుటేజ్ సాఫీగా నడుస్తుంది.

పరిష్కారం: ఈ పని కోసమే కొంటుంటే ఎఫ్ లేని ఇంటెల్ తీసుకోండి. కాస్త డబ్బు తగ్గుతుందని ఎఫ్ రకం తీసుకుంటే క్విక్ సింక్ పోతుంది. ఇంటెల్ ఉన్నా తడబడుతుంటే బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆఫ్ అయి ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే కొన్ని బోర్డులు దాన్ని ఆపేస్తాయి. కొన్ని బోర్డుల్లో ఆ సెట్టింగ్ పేరు ఐజీపీయూ మల్టీ మానిటర్. ఇప్పటికే రైజెన్ ఉంటే ప్రాక్సీ ఫైల్స్ (క్లిప్‌ల తేలికపాటి నకళ్ళు) చేసుకుని ఎడిట్ చేయండి, ఆఖరి ఎక్స్‌పోర్ట్‌లో అసలు ఫుటేజ్ వాడండి.

లక్షణం: గేమ్‌లు ఉన్నట్టుండి మూసుకుపోతున్నాయి, ఇన్‌స్టాల్ చేస్తుంటే ఫైల్ ఎర్రర్లు

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ఐ9, ఐ7, ఐ5-13600కె, 14600కె వాడేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గేమ్ షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేస్తున్నప్పుడు క్రాష్ అవడం, కార్డులో మెమొరీ ఖాళీగా ఉన్నా "అవుట్ ఆఫ్ వీడియో మెమొరీ" అని రావడం దీని గుర్తులు. చాలామంది గ్రాఫిక్స్ కార్డునో, విండోస్‌నో అనుమానించి ఫార్మాట్లు కొడుతూ ఉంటారు.

అవసరానికి మించిన వోల్టేజ్ అడగడం వల్ల చిప్ లోపలి భాగం క్రమంగా దెబ్బతింటోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (చిప్ నడకను సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, 2025 మేలో 0ఎక్స్12ఎఫ్ వచ్చింది. బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ వేసుకుని, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. అయితే అప్‌డేట్ రాబోయే నష్టాన్ని ఆపుతుంది కానీ జరిగిపోయిన నష్టాన్ని పూడ్చదు. అప్‌డేట్ తర్వాతా క్రాష్‌లు ఆగకపోతే చిప్ మార్పించుకోవాల్సిందే. ఈ మోడళ్ళ బాక్స్ చిప్‌లకు వారంటీని ఇంటెల్ మరో 2 ఏళ్ళు పెంచి మొత్తం 5 ఏళ్ళు చేసింది. బిల్లు వెతికి పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ 13900కె చవకగా వస్తోందంటే బిల్లు, బాక్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఏఎండీకీ ఇలాంటి గడ్డుకాలం వచ్చింది. 2023లో కొన్ని 7800ఎక్స్3డీ చిప్‌లు ఎక్కువ ఎస్‌ఓసీ వోల్టేజ్ (చిప్‌లో మెమొరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్ళేది) వల్ల కాలిపోయాయి. తర్వాతి బయోస్‌లలో దాన్ని 1.3 వోల్టులకు పరిమితం చేశారు. సెకండ్ హ్యాండ్ ఏఎం5 బోర్డు కొంటే ముందు బయోస్ తేదీ చూసి, పాతదైతే వెంటనే మార్చండి.

లక్షణం: రైజెన్ 7000 చిప్ 95 డిగ్రీలు చూపిస్తోంది

చివర ఎక్స్ ఉన్న రకాలు పూర్తి లోడ్ మీద 95 డిగ్రీల దాకా వెళ్ళేలాగే ఏఎండీ తయారుచేసింది. వేగం పడిపోకుండా ఉంటే భయం లేదు. మన మే నెల ఎండల్లో గది కూడా ఉడికిపోతుంది కాబట్టి కావాలంటే బయోస్‌లో ఎకో మోడ్ పెట్టుకోండి, కాస్త వేగం పోయి వేడి బాగా తగ్గుతుంది. బ్రౌజర్ ఒక్కటి తెరిచినా 90 దాటుతుంటే మాత్రం అది మామూలు విషయం కాదు. కూలర్ కింద ప్లాస్టిక్ ఫిల్మ్ తీయకుండా బిగించారేమో, థర్మల్ పేస్ట్ ఎండిపోయిందేమో విప్పి చూడాలి. డబ్బా మీది టీడీపీ (చిప్ వెదజల్లే వేడి అంచనా) వాట్లతో రెండు బ్రాండ్లనూ పోల్చకండి. ఏఎం5లో 170 వాట్ల చిప్ 230 వాట్ల దాకా తీసుకోగలదు, 125 వాట్లని రాసిన 13900కె 253 దాకా వెళ్తుంది. పవర్ సప్లై, కూలర్ ఈ పెద్ద అంకెలను బట్టి కొనాలి.