డ్రాకెన్స్‌బర్గ్ వెళ్తున్నారా? ఒక్క లోయ ఎంచుకుని అక్కడే ఉండండి

దక్షిణాఫ్రికా ట్రిప్ అనగానే చాలామంది క్రూగర్ అభయారణ్యం, కేప్‌టౌన్ ముందు ఖాయం చేసుకుని, మధ్యలో ఒక రోజు మిగిలితే డ్రాకెన్స్‌బర్గ్ కొండలు కూడా చూసొద్దాం అనుకుంటారు. దయచేసి అలా వెళ్లకండి. ఇవి నడిచి చూడాల్సిన కొండలు, ఒక్క రోజుకి కారు అద్దంలోంచి కనిపించేదే దక్కుతుంది. కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి, అవి కూడా ఒకే చోట.

ఒకే చోట అని ఎందుకంటున్నానంటే, మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్న లోయల మధ్య కొండ వెంట రోడ్డు లేదు. దాదాపు ఏ రోడ్డు పట్టుకున్నా కొండ మొదట్లో ఆగిపోతుంది, పక్క లోయకి పోవాలంటే మళ్లీ మైదానంలోకి వచ్చి చుట్టూ తిరగాలి. రోజుకో లోయ అని ప్లాన్ వేసుకుంటే సెలవంతా డ్రైవింగ్‌కే సరిపోతుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఉత్తరాన ఉన్న రాయల్ నాటల్ నేషనల్ పార్క్. అక్కడ ఆంఫీథియేటర్ అనే కొండగోడ దాదాపు 5 కిలోమీటర్ల పొడవున నిలబడి ఉంటుంది, దాని మీద నుంచి 948 మీటర్ల టుగేలా జలపాతం ఐదు అంచెలుగా దిగుతుంది. వానలు పడ్డాక చూస్తేనే దాని అందం, చలికాలం చివరికి సన్నటి ధార అయిపోతుంది. కింద నుంచి టుగేలా గార్జ్ దారి రానూపోనూ సుమారు 14 కిలోమీటర్లు, చాలావరకు తేలికే, చివర్లో మాత్రం ఏట్లో బండల మీద నుంచి పోవాలి. జలపాతం నెత్తి మీదికే వెళ్లాలంటే సెంటినెల్ కార్ పార్క్ వైపు నుంచి ఎక్కాలి, అక్కడ నిలువు బండకి ఇనప గొలుసు నిచ్చెనలు వేలాడుతుంటాయి. ఎత్తంటే టెన్షన్ ఉన్నవాళ్లు గైడ్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

నెల విషయానికొస్తే ఏప్రిల్, మే బాగుంటాయి. నవంబర్ నుంచి మార్చి దాకా కొండంతా పచ్చగా ఉంటుంది కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు మొదలవుతాయి, అందుకని తెల్లవారగానే బయల్దేరి మధ్యాహ్నంలోపు గట్టు దిగిపోవాలి. బోడిగట్టు మీద పిడుగుకి దాక్కోవడానికి చెట్టు కూడా ఉండదు, ఉన్నా దాని కింద నిలబడకూడదు. జూన్, జులైల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాత్రిళ్లు మాత్రం గడ్డకట్టే చలి, పైన మంచు కూడా పడొచ్చు. ఏ కాలమైనా నడక మొదలుపెట్టే ముందు పార్కు రిజిస్టర్‌లో పేరు, దారి, తిరిగొచ్చే టైమ్ రాయండి. చాలా లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, మీరు తిరిగి రాలేదని తెలిసేది ఆ పుస్తకం వల్లే.

సింహాలు, ఏనుగులు ఇక్కడ ఉండవు, వాటికోసం అయితే రావద్దు. ఇక్కడ చూడాల్సినవి ఎలాండ్‌లు, జింకల్లాంటివే కానీ మగది 600 కిలోలు కూడా దాటొచ్చు. బబూన్ కోతులకి తిండి పెట్టకండి, గది కిటికీలు మూసి వెళ్లండి. పక్షుల పిచ్చి ఉంటే మాత్రం జయంట్స్ కాజిల్ అనే కొండ ప్రాంతం ఎంచుకోండి. అక్కడ గడ్డం రాబందుల్ని దగ్గరగా చూడటానికి ఒక చాటుగది ఉంది, బుకింగ్ చాలా ముందే చేసుకోవాలి. ఆ రాబందు పెద్ద ఎముకల్ని పైకి మోసుకెళ్లి బండల మీద జారవిడుస్తుంది, పగిలిన ముక్కల్ని మింగేస్తుంది. ఇనుము కలిసిన మట్టిలో పొర్లడం వల్ల దాని రొమ్ము తుప్పు రంగులో ఉంటుంది.

అక్కడి నుంచి కాంబర్గ్ కూడా మరీ దూరం కాదు, గేమ్ పాస్ అనే గుహలో ఇక్కడి ఆదివాసులైన శాన్ ప్రజలు వేసిన బొమ్మలు తప్పక చూడండి. గైడ్‌తోనే పంపిస్తారు. చచ్చిపోతున్న ఎలాండ్ తల వాల్చేసి, వెనక కాళ్లు మెలిపడి ఉంటుంది, దాని తోక పట్టుకున్న మనిషి కాళ్లు కూడా అలాగే మెలిపడి, పాదాల చోట గిట్టలుంటాయి. అది సమాధిస్థితిలోకి వెళ్లే మాంత్రికుడి బొమ్మ అని పరిశోధకులు వివరించాక ఈ కళ మొత్తాన్ని అర్థం చేసుకునే తీరే మారింది. దయచేసి బొమ్మల్ని ముట్టుకోకండి. ఫోటోలో రంగు బాగా రావాలని నీళ్లు చల్లి ఎన్నిటినో పాడుచేశారు.

బస చాలాచోట్ల వంట చేసుకునే కాటేజీలే. డర్బన్‌లో దిగితే పప్పులు, మసాలాలు అక్కడే కొనుక్కోండి, 1860 నుంచి చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల, తమిళుల వారసుల ఊరది, అన్నీ దొరుకుతాయి. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు. చీకటి పడ్డాక పల్లె రోడ్ల మీద పశువులు, గుంతలు ఉంటాయి, వెలుగుండగానే చేరండి.

సాని పాస్ అనే కనుమ దారి మీదుగా పక్కనున్న లెసోతో దేశానికి ఎక్కాలనుకునేవాళ్లకి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి, అండర్‌బర్గ్ ఊరి నుంచి టూర్ తీసుకోవడం తేలిక. పైన 2,800 మీటర్లు దాటి ఎత్తు, అక్కడి బాసోతో ప్రజల పల్లెలు, దుప్పట్లు కప్పుకున్న గొర్రెల కాపరులు. కానీ అది వేరే దేశం, పాస్‌పోర్ట్ కావాలి, లెసోతో వీసా నిబంధనలు ముందే చూసుకోవాలి, తిరిగి రావాలంటే దక్షిణాఫ్రికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. మీది సింగిల్ ఎంట్రీ అయితే ఆ ఆలోచన మానుకుని, ఆ రోజు కూడా మీ లోయలోనే ఇంకో దారి పట్టి నడవండి.