ఘాట్ రోడ్డు ప్రమాదంలో క్షతగాత్రులను వరుసగా పరీక్షించే విధానం

సాలూరు నుంచి పొట్టంగి మీదుగా కొరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డులో సంతకు జనాన్ని తీసుకెళ్తున్న వ్యాను బోల్తా పడితే, 108 వాహనంలో వచ్చే సిబ్బంది ముందు ఒకేసారి పదిహేను మంది క్షతగాత్రులు ఉండవచ్చు. అలాంటప్పుడు ఏ ఒక్కరికీ పూర్తి చికిత్స మొదలుపెట్టకుండా, ఒక్కొక్కరికి నిమిషం మించకుండా అందరినీ పరీక్షించి, ఎవరిని ముందు ఆస్పత్రికి చేర్చాలో నిర్ణయించాలి. ఇందుకున్న పద్ధతుల్లో 1983లో కాలిఫోర్నియాలో రూపొందిన ‘స్టార్ట్’ హడావుడిలో కూడా గుర్తుండేంత సులువైనది.

మలుపుకు రెండువైపులా వాహనాలను ఆపించి, పడిపోయిన బండి లోయలోకి జారదని నిర్ధారించుకున్నాకే దగ్గరకు వెళ్లాలి. నడవగలిగినవారంతా రోడ్డు పక్కకు రావాలని గట్టిగా పిలవాలి; అలా వచ్చినవారికి ఆకుపచ్చ గుర్తు, అంటే చికిత్సకు కాసేపు ఆగగలిగినవారు. మిగిలినవారిలో కేకలు పెడుతున్నవారి వైపే ఎవరి మనసైనా లాగుతుంది. కానీ కేక వేయగలిగిన మనిషికి ఆ క్షణానికి శ్వాసమార్గం తెరిచే ఉంటుంది కనుక, ఉలుకూపలుకూ లేకుండా పడి ఉన్నవారిని దాటిపోకుండా, దగ్గరున్నవారి నుంచి వరుసగా చూసుకుంటూ పోవాలి.

ముందుగా శ్వాస చూడాలి. ఆడకపోతే దవడను పైకెత్తి శ్వాసమార్గం తెరవాలి. అప్పుడు ఆడితే ఎరుపు (అందరికన్నా ముందు ఆస్పత్రికి చేర్చాల్సినవారు), అప్పటికీ ఆడకపోతే నలుపు (చనిపోయినవారు లేదా బతికే ఆశ లేనివారు). చిన్నపిల్లలకు మాత్రం, నాడి అందుతుంటే, నలుపు గుర్తు వేసే ముందు ఐదుసార్లు శ్వాస అందించి చూడాలి. శ్వాస నిమిషానికి 30కి మించినా ఎరుపే. తర్వాత మణికట్టు దగ్గర నాడి పట్టుకోవాలి, అది అందకపోతే ఎరుపు. గోరును నొక్కి వదిలి 2 సెకన్లలో రంగు తిరిగి వస్తుందేమో చూసే పద్ధతి కూడా ఉంది గానీ, కొరాపుట్ కొండల్లో చలికాలపు ఉదయాల్లో చల్లబడ్డ వేళ్లు తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి నాడినే నమ్మడం మంచిది.

చివరగా చూడవలసినది స్పృహ. ఒక చిన్న పని చెప్పినప్పుడు చేయలేనివారికి ఎరుపు, చేయగలిగినవారికి పసుపు (ఎరుపువారి తర్వాత చేర్చాల్సినవారు). ఈ ప్రాంతంలో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. ఆ వ్యానులో తెలుగువారితోపాటు ఒడియా, దేశియా, కువి మాట్లాడేవారూ ఉంటారు. తెలుగులో “పిడికిలి బిగించమ్మా” అంటే బిగించని ముసలమ్మకు మాట అర్థం కాలేదో, తలకు దెబ్బ తగిలి స్పృహ తగ్గిందో ఆ ఒక్క ప్రశ్నతో తేలదు. అందువల్ల మాటతోపాటు మన పిడికిలి బిగించి చూపించాలి, వీలైతే ఆకుపచ్చ గుర్తున్నవారిలో ఆమె భాష తెలిసినవారిని పిలిచి అడిగించాలి.

ఈ పరీక్ష సాగుతుండగా చేయదగిన చికిత్సలు రెండే: శ్వాసమార్గం తెరవడం, ధారగా కారుతున్న రక్తాన్ని ఆపడం. గట్టిగా అదిమి పట్టినా చేతి నుంచో కాలి నుంచో రక్తం ఆగకపోతే, గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా టూర్నికే (రక్తాన్ని ఆపడానికి బిగించే పట్టీ) బిగించి, బిగించిన సమయం రాయాలి.

కడుపులో రక్తస్రావం అవుతున్న మనిషి మొదట నడిచి వచ్చి, కాసేపటికి చెమటలు పట్టి కూలబడవచ్చు గనుక, ఆకుపచ్చ గుర్తున్నవారిని కూడా మళ్లీ మళ్లీ పరీక్షించాలి. ఎరుపు గుర్తున్నవారిని మెడ కదలకుండా పట్టుకుని బండి ఎక్కించాలి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది కాబట్టి తడి బట్టలు తీసి దుప్పటి కప్పాలి. కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆస్పత్రికి బయలుదేరే ముందే ఏ రంగువారు ఎందరు వస్తున్నారో, టూర్నికే ఎవరికి ఎన్ని గంటలకు వేశారో ఫోన్‌లో చెప్పాలి.