ఇంజన్ ఆయిల్ తెలుసుకుందాం – 4వ పాఠం: డబ్బా మీది అంకెలు

పోయిన పాఠంలో డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి లెవెల్ చూడటం నేర్చుకున్నాం. ఈసారి డబ్బా మీద రాసింది చదవడం నేర్చుకుందాం. పాఠం అయ్యేసరికి షాపువాడు ఏ ఆయిల్ చేతికిచ్చినా అది మీ బండికి పనికొస్తుందో రాదో మీరే తేల్చుకోగలగాలి.

ముందు వంటింట్లోకి వెళ్లండి. పొద్దున్నే చెనిక్కాయ నూనె సీసా వంచితే నూనె నిదానంగా జారుతుంది. తాలింపు కోసం బాణలిలో వేడెక్కాక అదే నూనె నీళ్లలా పరుగెడుతుంది. ఇంజన్ ఆయిల్‌ది కూడా అదే స్వభావం. అందుకే 5డబ్ల్యూ-30 అని రెండు అంకెలు వేస్తారు. ముందుది చల్లగా ఉన్నప్పటి సంగతి, వెనకది వేడెక్కాక సంగతి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం.

మా షెడ్డులో పని నేర్చుకునే పిల్లవాడు మొదటి వారంలోనే 0డబ్ల్యూ అని రాసిన డబ్బా చూసి అడిగాడు: "మన తిరుపతిలో మంచు యాడ పడతాదినా? ఈ సున్నా ఆయిల్ మనకెందుకు?" చాలా మంచి ప్రశ్న. సున్నా అంటే సున్నా డిగ్రీలు కాదు. 0డబ్ల్యూ ఆయిల్‌కి మైనస్ 35 డిగ్రీల దగ్గరా, 15డబ్ల్యూకి మైనస్ 20 దగ్గరా ఇంజన్ తిప్పే పరీక్ష పెడతారు. అంత చలి మనకు ఎప్పుడూ రాదు. కానీ 100 డిగ్రీల వేడిలో పనిచేసే ఆయిల్‌కి మన 25 డిగ్రీల పొద్దు కూడా చలే. అప్పుడది పనివేడిలో కంటే ఐదు రెట్లకు పైగానే చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేశాక ఆయిల్ పైదాకా ఎక్కే ఆ కొన్ని క్షణాల్లోనే ఇంజన్ ఎక్కువ అరుగుతుంది. అయినా మన ఎండలకు మీరు ముందు చూడాల్సింది వెనక అంకెనే.

వెనక అంకె 30 అయితే, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 16 అయితే 6.1 నుంచి 8.2 మధ్య చాలు. దీనికి తోడు 150 డిగ్రీల దగ్గర, బేరింగులో నలిగేటప్పుడు ఎంత చిక్కదనం మిగులుతుందో కూడా కొలుస్తారు. ఈ కొలత సెంటీపాయిజ్‌లలో ఉంటుంది: 30కి కనీసం 2.9, 20కి 2.6, 16కి 2.3, 12కి 2.0, 8కి 1.7. మెట్టుకి 0.3 చొప్పున దిగుతోంది, గమనించండి. గది వేడిలో మామూలు నీళ్ల చిక్కదనం ఇదే కొలతలో సుమారు 1. అంటే ఆ వేడిలో 8 రకం ఆయిల్ నీళ్లకు రెండింతలు కూడా చిక్కగా ఉండనక్కర్లేదు. ఈ 16 అనే గ్రేడు ఎస్‌ఏఈ (ఈ గ్రేడులు నిర్ణయించే ఇంజనీర్ల సంస్థ) పట్టికలోకి 2013లో వచ్చింది, 12, 8 గ్రేడులు 2015లో చేరాయి.

ఇంత పలచన ఎందుకంటే మైలేజీ కోసం. చిక్కటి ఆయిల్‌ని తోయడానికి పంపు, పిస్టన్లు, బేరింగులు అన్నీ పెట్రోలు తింటాయి. పలచటి ఆయిల్‌తో నడిచేలా కొత్త ఇంజన్లను భాగాల మధ్య సన్నటి సందులతో, వేరే రకం బేరింగు పూతలతో తయారు చేస్తున్నారు. ఇదొక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఆయిల్ గ్రేడు ఇంజన్ సందుకి జత. చిక్కటిది గట్టిదనీ, పలచటిది కల్తీదనీ అనుకోవద్దు.

ఒకసారి మా దగ్గరికి పాత పెట్రోలు కారొకటి వచ్చింది. అది 20డబ్ల్యూ-40తో నడిచిన బండి. కొత్తది, ఖరీదైనది మంచిదని ఎవరో చెబితే ఓనరు 0డబ్ల్యూ-20 పోయించాడు. ఊళ్లో బాగానే తిరిగింది. ఘాట్ ఎక్కి తిరుమలలో పార్కింగ్ దగ్గర నెమ్మదించగానే ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమినుకుమంది. యాక్సిలరేటర్ నొక్కితే ఆరిపోతుంది, వదిలితే మళ్లీ వెలుగుతుంది. అరిగిన సందుల్లోంచి వేడెక్కిన పలచటి ఆయిల్ జారిపోయి ప్రెషర్ నిలవడం లేదన్నమాట. ఆయిల్ మార్చి సరైన గ్రేడు పోశాం, లైటు ఆగింది. ఇంకొన్ని ట్రిప్పులు అలాగే తిరిగి ఉంటే బేరింగులు పోయేవి.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. ఘాట్ బండి కదా అని 0డబ్ల్యూ-16 కారులో 20డబ్ల్యూ-50 పోస్తారు. కొత్త ఇంజన్లలో వాల్వుల టైమింగ్ మార్చేది ఆయిల్ ప్రెషరే. ఆ ఆయిల్ సన్నటి దారుల్లోంచి పోవాలి. చిక్కటిది పోస్తే ఆ పని ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది.

గ్రేడు తర్వాత చూడాల్సింది ప్రమాణం. డబ్బా వెనక గుండ్రటి గుర్తులో ఏపీఐ ఎస్‌పీ, ఎస్‌క్యూ లాంటి అక్షరాలుంటాయి. ఏపీఐ అంటే ఆయిల్ ప్రమాణాలు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ. పెట్రోలు బండ్లకు ఎస్‌తో మొదలవుతుంది, రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్తది. ఎస్‌పీ, దానితో పాటు ఇల్సాక్ (కార్ల కంపెనీలు కలిసి పెట్టుకున్న ఆయిల్ కమిటీ) వారి జీఎఫ్-6 ప్రమాణం 2020 మే 1 నుంచి వచ్చాయి. జీఎఫ్-6ఏ పాత బండ్లకూ సరిపోతుంది. జీఎఫ్-6బీ మాత్రం 0డబ్ల్యూ-16కే. పొరపాటున వేరే బండిలో పోయకుండా దానికి వేరే గుర్తు పెట్టారు. 2025 మార్చి 31 నుంచి జీఎఫ్-7, ఏపీఐ ఎస్‌క్యూ మొదలయ్యాయి. పెద్ద డీజిల్ ఇంజన్లకు పీసీ-12 పేరుతో తయారైన కొత్త ప్రమాణాల లైసెన్సులకు 2027 జనవరి 1 తేదీ పెట్టారు. లారీ ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి.

ఈ అక్షరాలకీ మన ఘాట్ రోడ్డుకీ నేరుగా సంబంధం ఉంది. చిన్న టర్బో పెట్రోలు ఇంజనుతో అలిపిరి దాటి ఎక్కుతున్నారు. గేరు తగ్గించకుండా, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కారు. స్పార్కు రాకముందే సిలిండర్లో మంట అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఇలాంటప్పుడే ఉంటుంది. ఆయిల్లో కాల్షియం డిటర్జెంట్ (ఇంజన్ లోపల శుభ్రంగా ఉంచే మందు) ఎక్కువైతే ఇది పెరుగుతుందని తేలాక కొంత కాల్షియానికి బదులు మెగ్నీషియం వాడటం మొదలుపెట్టారు. ఎస్‌పీలో దీనికి పరీక్ష ఉంది. ఎస్‌క్యూ వచ్చేసరికి వాడిన ఆయిల్‌కి కూడా ఆ పరీక్ష పెట్టారు. కాబట్టి టర్బో కారుకు ఎస్‌పీ కంటే పాతది పోయకండి, ఎక్కేటప్పుడు ఒక గేరు దించండి.

బైకులకు ఒక హెచ్చరిక. కారు ఆయిల్ పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించడానికి కారు ఆయిల్లో కలిపే మందులకు ఆ ప్లేట్లు జారతాయి. బైకు డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని చూసి కొనండి. గేర్లు లేని స్కూటరుకు కంపెనీ ఎంబీ చెబితే అదే పోయండి.

ఈ వారం పని ఇది. బండి పుస్తకం తీసి అందులో చెప్పిన గ్రేడు, ప్రమాణం ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే, వాటి పక్కన ఏ వేడికి ఏదో పట్టిక ఉంటుంది, అది చూడండి. తర్వాత కొండకు వెళ్లే రోజు బయలుదేరే ముందొకసారి, తిరిగొచ్చి చదునైన చోట బండి ఆపి ఐదు నిమిషాలాగి ఇంకోసారి లెవెల్ చూసి రాసుకోండి. ఆ రెండు కొలతలూ 5వ పాఠానికి కావాలి. అందులో డ్రెయిన్ బోల్టు విప్పి మన చేతులతోనే ఆయిల్ మారుద్దాం.