పాత టేకు తలుపుకి మళ్లీ పాలిష్ వేయడం ఎలా?

వీధి తలుపు టేకుదే అయినా నాలుగైదేళ్లకి మసకబారుతుంది. పడమర ముఖం ఇళ్లల్లో ఇంకా తొందరగా. సన్‌షేడ్ నీడ అందని కింది సగం బూడిద రంగుకి తిరిగి, పాత పాలిష్ పొట్టులా లేస్తుంటుంది. పండగ ముందు ఒక డబ్బా తెచ్చి, ఉన్నదాని మీదే ఒక కోటు లాగించేయడం చాలా ఇళ్లల్లో జరిగేదే. పండగ రోజుకి మెరుస్తుంది. వేసవి దాటేసరికి పాతదీ కొత్తదీ కలిసి ఊడిపోతాయి. అప్పుడు కొత్త డబ్బాని తిట్టుకుంటాం గానీ, పట్టు వదిలేసింది కింద ఉన్న పాత పూత. కాబట్టి షాపుకి వెళ్లే ముందే దాని సంగతి చూడాలి.

పాత పూత ఏదో కనుక్కోండి

తలుపు లోపలి వైపు, బందుల దగ్గర, కంటికి ఆనని చోట దూదితో కాస్త పాలిష్ స్పిరిట్ అద్ది అరనిమిషం ఉంచండి. జిగటగా మారి దూదికి అంటుకుంటే అది లక్క, అంటే ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కి లొంగకుండా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కి మెత్తబడితే అది లాకర్ (lacquer) అనే పూత. రెండింటికీ చలించకపోతే మెలమైన్ పాలిష్, పీయూ (పాలీయురిథేన్), లేదా వార్నిష్ అయి ఉండాలి.

లక్క పాలిష్ చూడ్డానికి ఎంతో అందం. కానీ నీళ్లకీ వేడికీ ఆగదు, తడి తగిలితే తెల్లబడుతుంది. పూజ గది తలుపుకి, బీరువాకి సరే, వీధి తలుపుకి వద్దు. మెలమైన్ కూడా ఇంటి లోపలి సామానుకే. ఎండావానా తగిలే తలుపుకి పీయూ తీసుకోండి, అదీ డబ్బా మీద బయటి వాడకానికి అని రాసి ఉన్నదే. హార్డెనర్ (పూతని గట్టిపరిచే ద్రవం) కలిపే రెండు డబ్బాల పీయూ గట్టిదే గానీ, కలిపాక కొన్ని గంటల్లో మిగిలిందంతా గట్టిపడిపోతుంది, దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. దాన్ని పనివాళ్లకి వదిలేసి, ఇంట్లో చేసుకునేవాళ్లు ఒకే డబ్బాలో వచ్చే రకం కొనుక్కోవడం నయం.

తలుపు మీద పాలిష్ కాకుండా పాత ఎనామెల్ రంగు ఉంటే ఇంకో జాగ్రత్త ఉంది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎక్కువ ఉండొచ్చు. అలాంటి రంగుని పొడిగా రుద్ది దుమ్ము లేపకండి. వాటర్ పేపర్‌ని (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ అటు రానివ్వకండి. రాలిన పెచ్చుల్ని పాత పేపర్ మీదే పోగుచేసి మూటకట్టి పారేయండి, చీపురుతో ఊడవద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

గాలిలో తేమ ఎక్కువున్న రోజు పూత సరిగా ఆరదు, కొన్ని రకాల మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది. తెలంగాణలో అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పోయాక, సంక్రాంతి తర్వాతే పెట్టుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉదయం మంచు ఆరాక బ్రష్ పట్టాలి. మే నెల ఎండలో మరో ఇబ్బంది: బ్రష్ రెండో చివరికి చేరేలోపే మొదటి చివర ఆరిపోయి గీతలు మిగులుతాయి.

ఊడదీయడం, గీకడం

హ్యాండిల్, గడియ, తాళం, నేమ్‌ప్లేట్ అన్నీ విప్పేయండి. వాటి చుట్టూ టేపు అంటించి పని కానిచ్చేద్దాం అనిపిస్తుంది. కానీ హ్యాండిల్ అంచున పేరుకున్న పాత పూతే మొదట లేచేది. వీలైతే ఉదయం తలుపు దించి రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, సాయంత్రానికి మళ్లీ ఎక్కించండి. పడుకున్న చెక్క మీద పూత కారదు. బరువు కాబట్టి ఇద్దరు ఉండాలి.

లక్క అయితే స్పిరిట్‌తో తడిపిన గుడ్డతోనే చాలావరకు వచ్చేస్తుంది. మిగతావాటికి పెయింట్ రిమూవర్ జెల్ కావాలి. మందంగా రాసి, బుడగలు లేచాక పుట్టీ బ్లేడుతో గీకండి. ఈ జెల్ చర్మాన్ని మండిస్తుంది, వాసన తల తిప్పుతుంది. మామూలు పల్చటి గ్లౌజులు ఆగవు, మందపాటి రసాయనాల గ్లౌజులు వేసుకోండి. అపార్టుమెంటు కారిడార్ మూసి ఉన్నట్టుంటే తలుపు మేడ మీదకి తీసుకెళ్లాల్సిందే. స్పిరిట్, థిన్నర్ వాడుతున్నంతసేపూ దగ్గర్లో దీపం, అగరువత్తి, స్టవ్ ఏవీ వెలగకూడదు.

రుద్దడం

పని మొత్తంలో ఎక్కువ సమయం పట్టేదీ, అందరూ తొందరపడేదీ ఇక్కడే. ముందు తలుపు అంచు చూడండి. చారలు ముందు నుంచి అంచు దాకా సాగితే నిఖార్సైన టేకు. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే అది పైన టేకు పొర అతికించిన ఫ్లష్ డోర్. ఆ పొర మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద బాగా గరుకైన కాగితం పెడితే కింద ప్లైవుడ్ బయటపడి ఇక బాగుచేయలేం. దానికి 180 నంబరు కాగితంతో తేలిగ్గా మొదలుపెట్టండి (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది).

నిఖార్సైన చెక్కకి 80 లేదా 100 నంబరు, తర్వాత 150, ఆఖర్న 220. కాగితాన్ని చిన్న చెక్కముక్కకి చుట్టి, చెక్క చారల వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దిన గీత అప్పుడు కనపడదు, పూత పడగానే కొట్టొచ్చినట్టు తేలుతుంది. మధ్యలో 150 ఎగ్గొట్టినా అంతే, 80 వదిలిన గీతల్ని 220 చెరపలేదు. రుద్దడం అయ్యాక లైట్లు ఆపి, టార్చిని తలుపుకి ఆనించి ఏటవాలుగా వేసి చూడండి, మిగిలిన గీతలన్నీ బయటపడతాయి. స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగు మార్చే ద్రవం) వేసే ఉద్దేశం ఉంటే 220 దాటి నున్నగా చేయకండి, చెక్క రంగు పీల్చుకోదు.

మేకుల చుట్టూ, తాళం దగ్గర నల్లటి మచ్చలు ఎంత రుద్దినా పోవు. ఇనుముకి తడి తగిలి చెక్కలో సహజంగా ఉండే టానిన్లు అనే పదార్థాలతో కలిస్తే వచ్చే నలుపు అది. వేడినీళ్లలో కరిగించిన ఆక్సాలిక్ యాసిడ్ బ్రష్‌తో రాస్తే కాసేపట్లో తేలికవుతుంది. తర్వాత రెండు మూడుసార్లు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ యాసిడ్ విషం, గ్లౌజులు తప్పనిసరి, మిగిలిన పొడిని వంటింట్లో పెట్టకండి.

కన్నాలకి రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి పెట్టమని చాలామంది చెబుతారు. నాకు నచ్చదు. ఆరిన జిగురు స్టెయిన్ పట్టదు, అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. టేకు రంగు వుడ్ ఫిల్లర్ చిన్న డబ్బా చాలు. పెద్ద కన్నం అయితే టేకు పుడక చెక్కి జిగురు పెట్టి దిగగొట్టడమే మేలు.

స్టెయిన్ అవసరమా?

మంచి టేకు అయితే అవసరం లేదు. చెక్కని తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి, పాలిష్ పడ్డాక దాదాపు ఆ రంగే వస్తుంది. అది నచ్చితే వాల్‌నట్ రంగు స్టెయిన్ డబ్బా షాపులోనే వదిలేయండి. పలకలు ఒక రంగు, చట్రం ఒక రంగు ఉన్నప్పుడే స్టెయిన్ పనికొస్తుంది. తలుపు పై అంచున వేసి, మీద పూత కూడా వేసి, ఆరాకే రంగు తేల్చుకోండి. గుడ్డతో చారల వెంట రాసి, నాలుగైదు నిమిషాల్లో మిగిలిందంతా తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే పై పూత జారిపోతుంది.

పూత

టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందుకే పూత ఒక్కోసారి పట్టదు. స్టెయిన్ వేయని చెక్కని మొదటి కోటుకి కాస్త ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. డబ్బాని కుదపకండి, బుడగలు వస్తాయి. పుల్లతో నెమ్మదిగా కలపండి. మొదటి కోటు కంపెనీ చెప్పిన థిన్నర్‌తో కాస్త పల్చగా వేస్తే చెక్కలోకి దిగుతుంది. ముందు పలకలు, తర్వాత అడ్డకమ్మీలు, చివర నిలువు కమ్మీలు. ఆరాక 320తో పైపైన రుద్ది, దుమ్ము తుడిచి రెండోది, అలాగే మూడోది. కోటుకి కోటుకి మధ్య ఎన్ని గంటలో డబ్బా మీద చూసి అంతా ఆగండి. పడమర ఎండ పడే తలుపుకి నాలుగో కోటు కూడా వేయండి.

ఇక్కడ పనివాళ్లు కూడా వదిలేసేది ఒకటుంది, తలుపు పై అంచు, కింది అంచు. చెక్క నీటిని ఎక్కువ పీల్చేది కోసిన చివర్ల నుంచే. వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేయడానికి సగం కారణం అదే. తలుపు దించినప్పుడే ఆ రెండు అంచులకీ కోట్లన్నీ పడాలి. తోరణం కట్టుకునే మేకులు కూడా పూతకి ముందే తీసేసి, ద్వారబంధం పైన గోడకి రెండు కొక్కేలు పెట్టుకోండి. ప్రతి పండక్కీ కొట్టే కొత్త మేకు ఒక కొత్త కన్నమే.

గడపకి మాత్రం ఈ పాలిష్ వద్దు. వారం వారం కడిగి పసుపు రాసే చోట ఏ పూతా నిలవదు, కాళ్ల కింద అరిగిపోతుంది కూడా. పాత పూత గీకేసి, షాపులో ‘బాయిల్డ్’ అని దొరికే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) గుడ్డతో పట్టించి, మిగిలింది తుడిచి వదిలేయండి. ఎండకి పసుపు వెలిసిపోతోందని పసుపు ఎనామెల్ వేయించేవాళ్లూ ఉన్నారు. వేస్తే ప్రైమర్ మీద వేయండి, నున్నగా ఉండే రంగు తడిలో జారుతుందని పెద్దవాళ్లున్న ఇంట్లో గుర్తుంచుకోండి.

లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. బయట ఒక్కొక్కటీ విడివిడిగా పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరనిచ్చి, ఆ తర్వాతే చెత్తలో వేయండి. చేత్తో తాకితే ఆరినట్టున్నా పూత గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. అప్పటిదాకా తలుపు మీద స్టిక్కర్లు, టేపు, తడిగుడ్డ వద్దు.